రాయి, చెరువు, ఏరు — కాప్రానుండి మూసీవరకు ఒక చలికాలపు నడక



ఒక ఊరి నేల యెటు వాలియున్నదో, ఆ నేలమీద నీరు ఏ త్రోవను నడచునో తెలిసికొనదలచువారు చలికాలమున తెల్లవారుజామున బయలుదేరవలెను. వానకాలమున ఎక్కడ చూచినను నీరే. ఏది కాలువయో, ఏది గుంటయో తెలియదు. పచ్చిక ఏపుగా పెరిగి గట్లను వాగులను కప్పివేయును. ఎండకాలమున దుమ్ము తప్ప మరేమియు కానరాదు. మార్గశిర పుష్యమాసములలోనైతే వరికోతలు ముగిసియుండును. గడ్డి యెండి నేల బయటపడును. చెరువులో మిగిలిన నీరెంతయో, ఇంకిపోయినది యెంతయో ఒడ్డుమీది తడిచారలే చెప్పును. అంతేకాదు, ఆ వేళ లేచు మంచు సయితము పల్లమెక్కడనో మెరకయెక్కడనో వ్రేలుపెట్టి చూపును.

నేను అట్టి యొక ఉదయమున కాప్రా చెరువుకట్టనుండి మౌలాలి గుట్టమీదుగా మూసీయొడ్డువరకు పోయితిని. ఆ త్రోవలో కనబడినవానిని ఆధారముగా గొని మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పదలచితిని. మన ప్రాంతపు గుట్టలు ఒకదానిమీద నొకటి పేర్చిన గుండ్రాళ్ల రూపమున ఏల యున్నవి? మన పూర్వులు ఇన్ని చెరువులను ఏల కట్టిరి? చలికాలమునకు సన్నని పాయగా చిక్కిపోయెడి మూసీ యిప్పుడు ఏడాది పొడుగునను ఏల నిండుగా పారుచున్నది? ఈ మూడును వేర్వేరు ప్రశ్నలవలె దోచును గాని, ఒకే తాటి మూడు పోగులు.

కాప్రా సికింద్రాబాదునకు ఈశాన్యమున నున్నది. ఒకప్పుడు పొలములు, తాటిచెట్లు, చెరువు గల పల్లె. 1967లో ఆ దాపున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా ఇ.సి.ఐ.ఎల్., వెలసిన పిమ్మట నివాసములు పెరిగినవి. తరువాత అది పురపాలక సంఘమాయెను. 2007లో మహానగర పాలక సంస్థలో కలిసెను. నేడు పేరు తప్ప పల్లె లక్షణములు కొద్దిగానే మిగిలినవి. మిగిలినవానిలో పెద్దది చెరువు. దానిని ఊరచెరువనియు పిలుతురు. ఊరు నగరమైనను, చెరువు పేరులోనుండి ఊరు తొలగిపోలేదు.

ప్రొద్దుపొడువక ముందు కట్టమీద నిలిచిచూడగా నీటిపై తెల్లని పొగవంటిది లేచి, జానెడు మొదలు నిలువెత్తువరకు వ్యాపించి, మెల్లగా కదలుచుండెను. కట్టకు ఈవల రోడ్డుమీద మాత్రము అది లేదు. ఇందుకు కారణము కష్టమైనది కాదు. పొయ్యిమీదనుండి ఒక ఇనుపపెనమును, ఒక నీళ్లకుండను ఒకేసారి దింపి చూడుడు. పెనము క్షణములో చల్లారును. కుండ చాలసేపు వేడిగానే యుండును. నేలయు నీరును అట్టివే. మబ్బులేని చలికాలపు రాత్రి నేల పగటివేడిమిని ఆకాశమునకు వదలిపెట్టి త్వరగా చల్లబడును. దానిని తాకిన గాలియు చల్లబడును. చెరువునీరు మాత్రము పగటివెచ్చదనమును దాచుకొనును. వెచ్చని నీటినుండి లేచిన ఆవిరి చల్లనిగాలిలో కలియగానే సన్నని బిందువులగును. చలిదినమున స్నానపు నీళ్లమీద లేచెడి పొగయు చెరువుమీది మంచును ఒకటే.

మన పీఠభూమిమీద చలి యెంత తీవ్రము కాగలదో యనుటకు ఒక లెక్క చెప్పెదను. హైదరాబాదులో 1946 జనవరి 8వ తేదీన ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగెను. అట్టి చలి అరుదు. సాధారణముగా జనవరి రాత్రులు 15 డిగ్రీల సమీపమున నుండును. అయినను చల్లనిగాలి బరువైనది గావున, నీటివలెనే పల్లమునకు జారి నిలువయగును. కావుననే మెరకనున్న చేనికంటె పల్లపు పొలమున చలి యెక్కువ. పైరుపెట్టిన రైతుకు ఇది క్రొత్తవిషయము కాదు.

కట్టదిగి దక్షిణముగా గంటసేపు నడచిన మౌలాలి గుట్ట వచ్చును. ఇది గొప్ప పర్వతము కాదు. చుట్టుప్రక్కల నేలనుండి ఒక్కసారిగా పైకిలేచిన ఒంటిరాతి గుట్ట. పైన హజ్రత్ అలీ పేర వెలసిన దర్గా కలదు. గోలకొండను 1550 మొదలు 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున అది పుట్టెనని ప్రసిద్ధి. ఏటేట రజబు నెలలో అక్కడ ఉత్సవము జరుగును. హిందువులు మహమ్మదీయులు అను భేదము లేక జనము వత్తురు. ఎక్కుటకు అయిదువందలకు దగ్గరగా మెట్లున్నవి. మోకాళ్ల నొప్పి గలవారు నడుమ నడుమ కూర్చుండి యెక్కవచ్చును. కూర్చున్నచోట చూచుటకు కావలసినంత కలదు.

ఆ మెట్ల ప్రక్కనున్న రాతిని చేతితో తడవిచూచితిని. అందు మూడు రకముల పలుకులు కనబడును: గాజువలె మెరయునవి స్ఫటికములు, గులాబీరంగో తెలుపో గలవి ఫెల్‌స్పారు అను ఖనిజము, నల్లని చుక్కలు అభ్రకమును దానివంటివియు. ఈ మూడింటి కూడికయే గ్రానైటురాయి. ఇది భూమిలోపల మిక్కిలి లోతున, కరగిన రాతిముద్ద నెమ్మదిగా చల్లారగా ఏర్పడినది. ఈ ప్రాంతపు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. హిమాలయములు మనకు మహాపురాతనములుగా దోచును గాని, మౌలాలి రాతిముందు అవి నిన్నటి బిడ్డలు. వాని వయస్సు ఈ రాతి వయస్సులో ఏబదవ వంతునకును చాలదు.

అంత లోతున పుట్టిన రాయి పైకెట్లు వచ్చెను? అది పైకి వచ్చుట యనుటకంటె, దానిపై నున్న పొరలు కోట్లకొలది ఏండ్ల వానలకు గాలులకు అరిగి కొట్టుకొనిపోయెననుట సరియైన మాట. పైబరువు తొలగినకొలది రాయి సడలి నిలువునను అడ్డమునను బీటలువారును. బీటలలో నీరు దిగును. నీరు ఫెల్‌స్పారును కొద్దికొద్దిగా మెత్తని మట్టిగా మార్చును. స్ఫటికము మాత్రము చెడక ఇసుకగా రాలును. పటికబెల్లపు గడ్డను నీళ్లలో వేసిచూచిన, మొదట దాని మూలలే కరగును. ఏలయన, మూలను నీరు మూడువైపుల తాకును, అంచును రెండువైపుల, ముఖమును ఒక్కవైపున. రాతిదిమ్మకును ఇదే గతి. మూలలు పోయి, చదరపు దిమ్మ గుండ్రాయి యగును. తరువాత ఉల్లిపొరవలె పలుచని పెచ్చులు ఊడుచుండును. మన గుట్టలపై ఒక గుండుమీద మరియొక గుండు నిలిచియుండుట చూచి, రాక్షసులు పేర్చిరని కొందరందురు; వరదలు దొర్లించెనని మరికొందరందురు. నిజమునకు ఎవరును తేలేదు, ఎవరును పేర్చలేదు. అవి పుట్టినచోటనే యున్నవి. నడుమనున్న మట్టి మాత్రము పోయినది.

ఇంత చెప్పుటకు కారణము కలదు. చెడని గ్రానైటు నీరు త్రాగదు. ఇసుకరాతివలె దానికి రంధ్రములు లేవు. మెత్తబడి రాలిన పైపొర మాత్రము నీటిని పట్టును. మనవారు దానినే మొరమందురు. మొరము పది అడుగులున్నచోట బావిలో నీరు కొద్ది. ఏబది అడుగులున్నచోట బావి నిండుగా నుండును. దానిక్రింద గట్టిరాయి. అందు బీట తగిలిన బోరుబావికి నీరు, తగలనిచో దుమ్ము. ప్రక్కప్రక్క చేలలో ఒకరి బోరు పోయుచుండగా మరియొకరిది ఎండుటకు అదృష్టము కారణము కాదు. రాతిలోని బీటయే కారణము. ఆ బీటలోనికైనను నీరు పైనుండియే దిగవలెను. పైన నీటిని నిలుపక క్రిందినుండి తోడుచుండుట, జమలేని ఖాతానుండి సొమ్ము తీయుటవంటిది.

గుట్టమీదికి చేరునప్పటికి సూర్యుడు పొడమెను. చెరువుకట్టమీదికంటె ఇక్కడ చలి తక్కువగా నుండెను. బరువైన చల్లనిగాలి పల్లమున నిలిచి, తేలికయైన వెచ్చనిగాలి పైన నుండుటయే ఇందుకు హేతువు. నగరపు వంటపొగయు బండ్ల పొగయు పైకి లేవలేక, కప్పువేసినట్లు ఒకే మట్టమున పరచుకొనియుండెను. ఎండ నేలను వేడిచేసి గాలిని కదలించువరకు ఆ పొగ అట్లే యుండును. చలికాలపు ఉదయములలో నగరవాసులకు దగ్గు ఆయాసము హెచ్చుటకు ఇది యొక కారణము.

పైనుండి చూచిన నేల స్వరూపము తెలియును. ఉత్తరమున కాప్రా చెరువు. క్రింద కాజీపేటకు పోవు రైలుదారి. దక్షిణమున, నైరృతిని నగరము. నడుమ నడుమ ఇండ్లమధ్య తలలెత్తి చిన్న చిన్న రాతిగుట్టలు. పల్లముల వెంబడి మంచు బారులుతీరి యుండెను. ఎచ్చట మంచు నిలిచెనో అచ్చట చెరువైన, కాలువయైన, ఒకప్పటి చెరువుగర్భమైన ఉండుట గమనించితిని. ఇండ్లు కట్టి రోడ్లు వేసినను పల్లము పల్లమే. దానిని మనుష్యుడు మరచినను గాలి మరువలేదు, నీరు మరువదు. మొత్తముమీద ఈ ప్రాంతపు నేల మూసీనదివైపు వాలియున్నది.

ఇచ్చట మన పూర్వుల బుద్ధి తెలియును. వారికి పై శాస్త్రము గ్రంథరూపమున తెలియకపోయినను, పని తెలియును. ఈ ప్రాంతమున ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడును. అందులో అధికభాగము నైరృతి ఋతుపవనముల నాలుగు నెలలలోనే, అదియు కొన్ని పెద్దవానలుగా కురియును. ఒక ఎకరముపై ఒక్క సెంటీమీటరు వాన కురిసిన 40 వేల లీటర్ల నీరగును. అనగా ఏడాదిలో ఎకరమునకు 32 లక్షల లీటర్లు. ఇది తక్కువ సంపద కాదు. కాని రాతినేలపై నిలువక పారిపోవును. దానిని పట్టుటకు పెద్ద లోయలు లేవు. చిన్న పల్లములే యున్నవి. కావున వారు రెండు గుట్టలను లేక రెండు మెరకలను చూచి, వానినడుమ మట్టికట్టను పోసి నీటిని ఆపిరి. కట్టకు రాయి దగ్గరనే దొరకును. అడుగున గట్టినేల యుండును. కాకతీయులు 1213లో రామప్పచెరువును కట్టించిరి. కుతుబ్‌షాహీల కాలమున 1562లో హుస్సేన్‌సాగరమును కట్టిరి. చిన్న చెరువులకు లెక్కలేదు.

ఒక్కొక్క చెరువు ఒంటరిగా నుండదు. పై చెరువు నిండి మత్తడి దుమికిన నీరు కాలువవెంట క్రింది చెరువునకు చేరును, అది నిండిన దానిక్రిందిదానికి, కట్టకడకు ఏటికి. కావుననే వీనిని గొలుసుకట్టు చెరువులందురు. ఇందు నాలుగు ప్రయోజనములు కలవు. మొదటిది, తూము క్రింద ఆయకట్టు పారును. రెండవది, నిలిచిన నీరు మొరములోనికి ఇంకి చుట్టుప్రక్కల బావులను నింపును. మూడవది, కొట్టుకొనివచ్చిన ఒండ్రుమట్టి ఏటిపాలుగాక చెరువులో దిగును. వేసవిలో దానిని తీసి పొలములకు తోలుకొనిన ఎరువగును. నాలుగవది మనము తరచు మరచునది: ఒకేసారి వచ్చిపడు వరదను చెరువు కొంతసేపు ఆపి, నిదానముగా వదలును. చెరువు నీళ్ల కొట్టము మాత్రమే కాదు, వరదకు కళ్లెము.

కళ్లెము తెగిన ఏమగునో 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు చూచెను. ఎగువను కుండపోతగా వానకురిసి మూసీ పొంగెను. సుమారు 15 వేలమంది మరణించిరని చెప్పుదురు. అఫ్జల్‌గంజిలో, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమునగల చింతచెట్టునెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. పిమ్మట పిలువబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు కారణములను వెదకి, నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రాంతమున 788 చెరువులుండగా, వానిలో 221 తెగెనని లెక్కతేల్చిరి. ఒక కట్ట తెగిన నీరు రెండవదానిని త్రెంచును. రెండును కలిసి మూడవదానిని త్రెంచును. గొలుసునకు ఏది బలమో అదియే బలహీనత. ఆయన సలహాననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. అప్పటినుండి నగరమునకు వరదభయము తగ్గి, త్రాగునీరును లభించెను. చెరువులను విడచుట కాక, గొలుసునకు పైభాగమున రెండు పెద్ద కడియములు చేర్చుటయే ఆయన చేసిన పని.

గుట్టదిగిన తరువాత పాదమునొద్ద మహలఖా బాయి సమాధి కలదు. ఆమె 1768 మొదలు 1824 వరకు జీవించినది, ఉర్దూ కవయిత్రి, నిజాముల కొలువున గౌరవము పొందినది. ఆ తోటలో ఆమె తల్లి సమాధియు, ఆమె సమాధియు ఉన్నవి. ఆ యావరణలో నా దృష్టి నాకర్షించినది మెట్లబావి. గుట్టమీద పడిన వాన రాతిపై నిలువక జారి, పాదమున పేరుకొనిన మొరములో ఇంకును. కావున గుట్ట పాదమున బావి త్రవ్వుట మిక్కిలి తెలివైన పని. మీ యూరిలోను గుట్టక్రింది బావి మిగిలిన బావులకంటె ఆలస్యముగా ఎండుట మీరు చూచియే యుందురు.

మౌలాలినుండి మూసీ కొంతదూరము. నడుమనంతయు ఇండ్లు, కర్మాగారములు గావున ఆ భాగమును బస్సులో గడచి, ఉప్పల్ దాటి నాగోలు వంతెనయొద్ద దిగి, ఎడమయొడ్డున దిగువకు నడచితిని.

మూసీ వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టును. ముచుకుంద మహారాజు పేర దీనిని ముచుకుందానది యని పురాణవేత్తలు చెప్పుదురు. నగరముగుండా తూర్పునకు సాగి, నల్లగొండజిల్లాలోని వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. మొత్తము సుమారు 240 కిలోమీటర్ల ప్రయాణము. మంచుకొండలలో పుట్టిన నది కాదు, వాననీటి నది. కావున వానలు వెనుకబడిన పిమ్మట చలికాలమునకు సన్నగిల్లుట దాని స్వభావము.

నేను చూచిన మూసీ సన్నగిల్లలేదు. ఒడ్డులొరసి నల్లగా పారుచుండెను. నీరు ఎత్తునుండి పడుచోట తెల్లని నురుగు గుట్టలుగా లేచి గాలికి కదలుచుండెను. నిలిచినచోట గుర్రపుడెక్క దట్టముగా పరచుకొనెను. వాసన చెప్పనలవికాదు. ఒడ్డున ఒక వృద్ధుడు బఱ్ఱెలకై పచ్చగడ్డి కోయుచుండెను. “తాతా, ఈ కాలమున ఇన్ని నీళ్లెట్లు?” అని యడిగితిని. అతడు కొడవలి ఆపి యిట్లనెను: “మా చిన్నప్పుడు గీ కాలంల ఏరు సన్నగ పారేది బిడ్డా. ఇసుకల చెలిమె తోడుకొని తాగేటోళ్లం. ఇప్పుడు నీళ్లకు కొదువ లేదు, తాగ నీళ్లకే కొదువ.”

అతని రెండు మాటలలోను మొత్తము చరిత్ర యున్నది. పెరిగిన నగరమునకు ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము చాలలేదు. మంజీరనుండి, కృష్ణనుండి, గోదావరినుండి గొట్టములద్వారా నీరు తెచ్చుచున్నారు. ఆ నీరు ఇండ్లలో వాడబడి, మురుగుకాలువలద్వారా మూసీలో పడును. కావున చలికాలమున మూసీలో పారునది అనంతగిరి వాననీరు కాదు. అందులో అధికభాగము దూరదేశపు నదులనుండి వచ్చి, నగరపు వంటయిండ్లు, స్నానపుగదులు, దొడ్లు కడిగిన నీరు. అంబరుపేట, నాగోలు మొదలగుచోట్ల శుద్ధిచేయు కేంద్రములున్నవి. అయినను శుద్ధికాని మురుగును, కర్మాగారముల వ్యర్థములును నదిని చెరచినవి. సబ్బుల కలిమిచేత నురుగు. మురుగులోని సారముచేత గుర్రపుడెక్క. చెలిమెనీటిని వడగట్టిన ఇసుకను చాలచోట్ల త్రవ్వి తీసికొనిపోయిరి. జల్లెడ పోయినది, మురికి వచ్చినది.

ఆశ్చర్యమేమనగా, ఈ నీటినే నమ్ముకొని దిగువన వేలకుటుంబములు బ్రతుకుచున్నవి. ఏటికి అడ్డముగా పూర్వులు కట్టిన కత్వలనుండి కాలువలు బయలుదేరి చెరువులను నింపుచున్నవి. వరియు పశుగ్రాసమును పండుచున్నవి. ఆ గడ్డి మేసిన బఱ్ఱెల పాలు మరల నగరమునకే చేరును. నగరము పారవేసినది నగరమునకే తిరిగివచ్చుచున్నది. దిగువ గ్రామముల పెద్దలు ఏండ్లతరబడి మొరపెట్టుకొనుచున్నది నీరు లేదని కాదు, వచ్చు నీటిని శుభ్రముచేసి వదలుడని. ఇది ధర్మమైన కోరిక.

ఇక చెరువుల గొలుసు ఏమైనది? నగరము ప్రాకినకొలది కొన్ని చెరువులు పూడినవి, కొన్ని చిక్కినవి, వానిని కలుపు కాలువలపై గోడలు లేచినవి. పదియేండ్లు వానలు తగ్గి చెరువు ఎండినప్పుడు, శిఖము భూమి ఊరక యున్నదని తలచి, చదునుచేసి, ముక్కలుగా అమ్ముట సులభమాయెను. కొన్నవారు అనేకులు బీదవారు, ఏమియు నెరుగనివారు. 2020 అక్టోబరు 13వ తేదీన నగరమందును పరిసరములందును కుండపోత కురిసెను. కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లకు మించి పడెను. నగరమునకు దక్షిణమున పల్లెచెరువు కట్టయు, కొలదిదినములకు గుర్రంచెరువు కట్టయు తెగి, జనావాసములు మునిగినవి. ప్రాణములు పోయినవి. నీరు పగతీర్చుకొనెనని కొందరనిరి. నీటికి పగ లేదు. రాయి చూపిన వాలునబడి, తన పాత త్రోవను అది నడచినది. ఆ త్రోవలో మనము ఇండ్లు కట్టుకొని యుంటిమి.

పల్లెలలోనున్న మనకు ఇందువలన నేర్వవలసినదేమి? నగరము చేసిన పని నగరముతో నిలువదు. పట్టణమునకు చేరువనున్న ప్రతి పల్లెయు నేడు కాప్రా నడచిన త్రోవనే నడచుచున్నది. భూమి ధర పెరిగినప్పుడు మొదట మాయమగునది మత్తడికాలువ. ఏలయన ఏడాదిలో పదినెలలు అందు నీరుండదు, చూచువారికది బీడువలె దోచును. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకముక్రింద వేలకొలది చెరువుల పూడిక తీసిరి. కట్టలకు మరమ్మతులు చేసిరి. అది మంచిపని. కాని పూడికతీసిన చెరువునకు పైనుండి నీరు తెచ్చు కాలువ మూసికొనిపోయిన, అది లోతైన గొయ్యి యగును గాని చెరువు కాదు. మత్తడినీరు పోవు కాలువ మూసికొనిపోయిన, నిండినప్పుడు కట్టకే ముప్పు. చెరువనగా నీరు నిలుచు చోటు మాత్రమే కాదు. నీరు వచ్చు త్రోవయు, పోవు త్రోవయు కలిసినది చెరువు.

ఈ త్రోవలు కాగితముమీద కొంత యున్నవి. మిగిలినది మీవంటి పెద్దల జ్ఞాపకములో నున్నది. ఏ సంవత్సరమున మత్తడి ఎంత యెత్తున దుమికెనో, ఏ చేనిగట్టువరకు శిఖము నిండెనో, ఏ వాగు ఎవరి పొలముగుండా పోయెడిదో, తూము తెరచు నీరటికాడు ఏ లెక్కన నీరు పంచెడివాడో, ఇవి చిన్నవారికి తెలియవు. మీతోడనే యవి పోయినచో తిరిగిరావు.

కావున నా మనవి యిది. ఈ చలికాలముననే, సంక్రాంతికి పిల్లలు మనుమలు ఇంటికి వచ్చినప్పుడు, ఒక ఉదయము వారిని వెంటబెట్టుకొని ఊరి గుట్టనెక్కుడు. మంచు ఎక్కడ నిలిచెనో చూపుడు. పై చెరువు మత్తడినుండి క్రింది చెరువు వరకు కాలువవెంట నడువుడు. ఎక్కడ పూడెనో, ఎక్కడ గోడ అడ్డమువచ్చెనో వ్రాయించుడు. చదువుకొన్న పిల్లలు తమ చేతిలోని ఫోనులతో ఆ త్రోవను చిత్రించి గుర్తుపెట్టగలరు. ఏది త్రోవయో చెప్పవలసినవారు మీరు. ఆ కాగితమును గ్రామసభలో చదివించి, పంచాయతీ పుస్తకమున చేర్పింపుడు. చెరువు ఎండియున్నప్పుడే ఈ పని చేయవలెను; నిండినప్పుడు నీరే తన హద్దును చూపును, అప్పుడు చెప్పవలసిన పని యుండదు, వినువారికి వ్యవధియు ఉండదు.

పదియేండ్లు ఎండిన చెరువు పదునొకండవ యేట చెరువే యగును. ఈ యొక్క మాటను మీ యూరి యువకులు మరువకుండునట్లు చేయుదురని ఆశించుచున్నాను.